వద్దు అనే మాట

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. పిల్లల పెంపకం మీద మనవాళ్ల దగ్గరున్న సిద్ధాంతమంతా దాదాపు ఈ సామెతలోనే ఉంది. చిన్నప్పుడే వంచాలి, ముదిరితే వంగదు. ఎవరు వంచుతున్నారు, ఎటు వంచుతున్నారు, ఎందుకు అన్న ప్రశ్నలు ఇందులో లేవు. మామూలు పిల్లల విషయంలో అవి లేకపోయినా పెద్దగా ప్రమాదం ఉండదు. వాళ్లు ఎదురు తిరుగుతారు. తలుపు ధడాలున వేసుకుంటారు, అబద్ధాలాడతారు, ఇంజనీరింగ్ చదవమంటే చదివేసి ఆ తర్వాత సినిమాల్లోకి పోతారు. వంచేవాళ్ల బలానికి వాళ్ల మొండితనం సరిపోతుంది.

ఎదురు తిరగడానికి మాట కూడా లేని పిల్లాడి సంగతి ఏమిటి? తన ఇష్టం ఇదీ అని చెప్పలేని మనిషి ప్రవర్తనని మార్చే హక్కు మనకి ఎంతవరకు ఉంది? ఈ ప్రశ్న నన్ను కొన్నేళ్లుగా వదలడం లేదు.

నేను సైకాలజిస్టునీ కాదు, స్పెషల్ టీచర్నీ కాదు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, తీరిక దొరికితే పుస్తకాల గురించి రాసుకోవడం, అంతే. కానీ మా సొంతూరు విజయనగరంలో మా అక్క కొడుకు ఉన్నాడు. తొమ్మిదేళ్లు. రెండున్నరేళ్లొచ్చినా మాట రాలేదని మొదలైన తిరుగుడు ఆటిజం అన్న మాట దగ్గర ఆగింది. ఇప్పుడు వాడికి ఓ పాతిక మాటలు వచ్చు. అందులో కొన్ని ఆర్టీసీ కాంప్లెక్స్‌లో కండక్టర్ల దగ్గర నేర్చుకున్నవి: సాలూరు, బొబ్బిలి, రాజాం, పార్వతీపురం. సెలవులకి వెళ్లినప్పుడల్లా వాడి థెరపీ గదిలో గోడకి చేరబడి కూర్చునేవాడిని. తిరిగొచ్చాక చదివేవాడిని. కాబట్టి ఈ వ్యాసంలో కొంత చూసింది, కొంత చదివింది.

ఆటిజం ఉన్న పిల్లలకి ఇచ్చే థెరపీల్లో ఎక్కువ వినపడే పేరు అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్, పొట్టిగా ఏబీఏ. దీని వెనకున్న ఆలోచన మన దగ్గర బీఎడ్ చదివినవాళ్లందరికీ తెలుసు, వాళ్ల పుస్తకాల్లో దాన్ని పునర్బలనం అంటారు. ఒక పని చెయ్యగానే మంచి ఫలితం దొరికితే ఆ పని మళ్లీ చేస్తాం. దొరక్కపోతే మెల్లగా మానేస్తాం. స్కిన్నర్ ఎలుకలతో, పావురాలతో చూపించిన ఈ సంగతిని 1960ల్లో అమెరికాలో కొందరు మనుషుల రోజువారీ సమస్యలకి వాడటం మొదలుపెట్టారు. నేర్పాల్సిన పనిని ముక్కలు చేస్తారు. చేతులు కడుక్కోవడం అంటే కుళాయి తిప్పడం, చేతులు తడుపుకోవడం, సబ్బు తీసుకోవడం, రుద్దడం, ఇలా. ఒక్కో ముక్కా విడిగా నేర్పుతారు. చేస్తే అప్పటికప్పుడే ఇష్టమైనదేదో ఇస్తారు. పదిసార్లలో ఎన్నిసార్లు చేశాడు, అందులో సాయం లేకుండా ఎన్నిసార్లు అని రాసుకుంటారు. ఇబ్బంది పెట్టే ప్రవర్తన ఏదైనా ఉంటే దానికి ముందు ఏం జరిగింది, తర్వాత వాడికి ఏం దొరికింది అని చూస్తారు.

నాలాంటివాడికి ఇది చూడగానే నచ్చుతుంది. సమస్యని లాగ్ చెయ్యడం, విడగొట్టడం, ఒక్కోటీ సరిచూడటం మా రోజువారీ పనే. పైగా ఇందులో ఎవరినీ నిందించడం ఉండదు. ఆ రోజుల్లోనే అమెరికాలో బ్రూనో బెటల్‌హైమ్ లాంటివాళ్లు తల్లి ప్రేమ చాలకే పిల్లలకి ఆటిజం వస్తుందని పుస్తకాలు రాశారు. మన చుట్టాలకి ఆయన పేరు తెలియకపోయినా, అక్కని చూసి అన్న మాటలు మాత్రం అవే. "ఫోనిచ్చి కూర్చోబెట్టేసి ఉంటావు, మాటెలా వస్తాది?" ఈ మాట ఎంతమంది అన్నారో లెక్కలేదు. అలాంటప్పుడు ఒక పద్ధతి వచ్చి, కారణం ఎవరన్నది పక్కన పెట్టండి, రేపు వీడికి చొక్కా వేసుకోవడం ఎలా నేర్పాలో చూద్దాం అంటే, ఆ తల్లికి ఎంత ఊరటో ఊహించుకోవచ్చు.

ఈ పద్ధతి తెలుగు నేలకి నిన్నా మొన్నా వచ్చింది కాదు. 1984లో కేంద్ర ప్రభుత్వం సికింద్రాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ద మెంటల్లీ హ్యాండీక్యాప్డ్ పెట్టింది. ఇప్పుడు దాని పేరు మారి ఎన్ఐఈపీఐడీ అయింది. అక్కడ పనిచేసిన రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ 1992లో టీచర్ల కోసం ఒక మాన్యువల్ తెచ్చారు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకి బిహేవియరల్ పద్ధతిలో ఎలా నేర్పాలన్నది దాని విషయం. దానితోపాటు బేసిక్-ఎంఆర్ అనే కొలమానం తయారుచేశారు. మొదటి భాగంలో 280 నైపుణ్యాలు: తినడం, పళ్లు తోముకోవడం నుంచి చదవడం, డబ్బు లెక్కపెట్టడం దాకా. రెండో భాగంలో 75 సమస్యాత్మక ప్రవర్తనలు. దేశంలో ఎన్నో స్పెషల్ స్కూళ్లు దీన్నే పట్టుకుని నడిచాయి.

దాని విలువ తెలియాలంటే మా అమ్మమ్మ తరం కథలు వినాలి. ఆవిడ చిన్నప్పుడు ఊళ్లో ఒక కుర్రాడు ఉండేవాడట. ఇంటికి ఎవరైనా వస్తే వాడిని పెరట్లో గదిలో పెట్టి గొళ్లెం వేసేవారట. పొలం పనుల రోజుల్లో కాలికి తాడు కట్టి వేపచెట్టుకి కట్టేసేవారట. "ఏటి సేస్తారు నాయనా, నూతిలో పడిపోతాడని బయం" అంటుంది ఆవిడ. కట్టేసినవాళ్లు రాక్షసులు కారు. వాడు నేర్చుకోగలడన్న ఊహ వాళ్లకి రాలేదు, అంతే. 280 అంశాల జాబితా అన్నిటికన్నా ముందు చెప్పేది ఇదే. ఈ పిల్లలు నేర్చుకుంటారు. రాకపోతే నేర్పే తీరు మార్చాలి గానీ పిల్లాడిని వదిలెయ్యకూడదు. బిహేవియరిజాన్ని ఎంత విమర్శించినా ఈ నైతిక బలాన్ని తీసెయ్యలేం.

మా వాడికి టాయిలెట్ అలవాటయింది ఈ పద్ధతిలోనే. ఆరేళ్లొచ్చాక, మూడు నెలల పాటు, గంట గంటకీ రాసుకుంటూ. అది వచ్చాకే అక్క వాడిని తీసుకుని బొబ్బిలిలో పెళ్లికి వెళ్లగలిగింది. వాడికి రైలు కిటికీ దొరికింది. ఒంటి శుభ్రం గురించి ఇంకొకరి మీద ఆధారపడకుండా ఉండటం ఏ మనిషికైనా గౌరవమే. దీన్ని అణచివేత అనేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లు ఆ మూడు నెలలూ మా ఇంట్లో లేరని అనుకుంటాను.

అదే పద్ధతిలో అదే ఏడాది ఇంకొకటి కూడా నేర్పారు. దాని పేరు "చూడు". అప్పుడు వాడు వెళ్లే సెంటర్‌లో టీచర్ ఎదురుగా కూర్చుని "చూడు" అనేది. వాడు ఆమె కళ్లలోకి చూస్తే ఒక జంతిక ముక్క. మొదట ఒక సెకను, తర్వాత మూడు, తర్వాత ఐదు. చార్టు మీద గీత చక్కగా పైకి వెళ్లింది. నెల తిరిగేసరికి వాడు "చూడు" అన్నప్పుడల్లా కళ్లలోకి ఐదు సెకన్లు చూసి, చెయ్యి చాచేవాడు. ఆ ఐదు సెకన్లూ వాడి భుజాలు బిగుసుకుపోయి ఉండేవి. చూడటం ఆపగానే వదులయ్యేవి. చార్టులో భుజాలకి గడి లేదు.

కళ్లలోకి చూడటం ఎందుకు నేర్పాలి? చూస్తే శ్రద్ధ పెడుతున్నట్టు అని మనం అనుకుంటాం కాబట్టి. మాట వచ్చిన ఆటిస్టిక్ పెద్దవాళ్లు చాలామంది రాసింది దీనికి ఉల్టాగా ఉంది. కళ్లలోకి చూస్తూ ఉంటే మాట వినలేమని, వినాలంటే చూపు పక్కకి తిప్పుకోవాలని. అంటే "చూడు" అన్న పాఠం వల్ల వాడి వినికిడి మెరుగుపడాల్సిన పని లేదు. మన ఇబ్బంది మాత్రం తగ్గింది. టాయిలెట్ పాఠం, ఈ పాఠం పద్ధతిలో కవలలు. ముక్కలు, బహుమతి, చార్టు అన్నీ ఒకటే. తేడా అంతా ఎవరి కోసం అన్నదాంట్లో ఉంది, ఆ సంగతి చార్టు చెప్పదు.

ఇక్కడే ఈ రంగం చరిత్ర ఉపయోగపడుతుంది. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏలో పనిచేసిన ఐవార్ లోవాస్ 1987లో అచ్చువేసిన అధ్యయనం ఏబీఏకి ప్రపంచమంతా పేరు తెచ్చింది. 19 మంది చిన్నపిల్లలకి వారానికి 40 గంటల చొప్పున రెండేళ్లు, అంతకన్నా ఎక్కువకాలం శిక్షణ ఇచ్చారు. వాళ్లలో 9 మంది తెలివితేటల్లోనూ చదువులోనూ మామూలు పిల్లల స్థాయికి వచ్చారని రాశారు. ఆ శిక్షణలో బహుమతులతో పాటు గట్టిగా "నో" అని అరవడం, అప్పుడప్పుడు తొడ మీద చరచడం కూడా ఉన్నాయి. ఇదే లోవాస్ 1974లో జార్జ్ రెకర్స్‌తో కలిసి ఇంకో పేపర్ రాశారు. ఐదేళ్లు కూడా నిండని ఒక అబ్బాయి ఆడపిల్లల బొమ్మలతో ఆడుతున్నాడని, ఆడపిల్లలా నడుస్తున్నాడని అతని ప్రవర్తన మార్చారు. మగపిల్లల బొమ్మలతో ఆడితే మెచ్చుకోవడం, లేకపోతే పట్టించుకోకపోవడం. అక్కడా గ్రాఫులు ఉన్నాయి. అక్కడా గీత కావలసిన వైపే వెళ్లింది.

ఈ రెండో పేపర్ ఇవాళ చదివితే మనకి ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఏం చూసి? పద్ధతి పనిచెయ్యలేదని కాదు. పనిచేసిందనే. ఆ అబ్బాయిలో సరిదిద్దాల్సింది ఏదీ లేదని మనకి ఇప్పుడు తెలుసు, అప్పటి సమాజానికి తెలియదు. పద్ధతి ఆ తేడా చెప్పలేదు. తనకి అప్పగించిన లక్ష్యం మంచిదో కాదో చెప్పే పరికరం ఏబీఏలో లేదు. ఫలితం వచ్చింది కాబట్టి లక్ష్యం న్యాయమైనదని అనుకుంటే ఎంతదూరం పోతామో చూడాలంటే అమెరికాలోనే మసాచుసెట్స్‌లో జడ్జ్ రోటెన్‌బర్గ్ సెంటర్ ఉంది. అక్కడ ఆటిజం, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల ఒంటికి యంత్రం తగిలించి, తప్పు చేసినప్పుడల్లా కరెంటు షాక్ ఇస్తారు. 2020లో ఎఫ్‌డీఏ దాన్ని నిషేధించింది. 2021లో కోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. 2024లో ఎఫ్‌డీఏ మళ్లీ నిషేధం ప్రతిపాదించింది. ఇన్నేళ్లూ ఆ షాకులని సమర్థించినవాళ్ల వాదన ఒక్కటే: ప్రవర్తన తగ్గుతోంది.

మా రంగంలో ఉన్నవాళ్లకి ఇది కొత్తగా అనిపించకూడదు. యాప్ తెరిచిన ప్రతిసారీ ఏదో ఒకటి దొరక్కుండా, ఎప్పుడో ఒకసారి దొరికేటట్టు చేస్తే మనిషి మళ్లీ మళ్లీ తెరుస్తాడని స్కిన్నర్ పావురాలు చెప్పాయి, మేం వాడుకున్నాం. స్ట్రీక్‌లు, బ్యాడ్జీలు, ఎర్ర చుక్కల నోటిఫికేషన్లు అన్నీ అదే కుటుంబం. మన ప్రవర్తన మనకి చెప్పకుండా ఇంకొకరి లాభం కోసం మారుస్తున్నారంటే మనకి కోపం వస్తుంది, వ్యాసాలు రాస్తాం. కోపం వచ్చి యాప్ తీసేస్తాం కూడా. ఆ తీసేసే బటన్ ఉండటమే మనకీ పావురానికీ తేడా. మరి ఆ గదిలో జంతిక ముక్క కోసం చెయ్యి చాచిన వాడికి ఆ బటన్ ఎక్కడుంది?

ప్రవర్తనని బయట నుంచి చూసే అలవాటు థెరపీ గదిలోనే మొదలవదు. సర్టిఫికేట్ దగ్గరే మొదలవుతుంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 2016 చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించి అందులో దీన్నీ చేర్చింది. మంచిదే. గుర్తించాలంటే కొలవాలి. కొలవడానికి సికింద్రాబాద్ సంస్థే తయారుచేసిన ఐఎస్ఏఏ అనే స్కేల్ ఉంది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. 70 కన్నా తక్కువైతే ఆటిజం లేనట్టు, 106 దాకా స్వల్పం, 153 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. మొదటి అంశం కళ్లలోకి చూడకపోవడం. తర్వాతది చూసి నవ్వకపోవడం. ఆ తర్వాతది ఎవరితోనూ కలవకుండా ఉండటం.

స్కేల్‌ని తప్పుపట్టడం లేదు. సదరం క్యాంపులో గంటల తరబడి లైన్లో నిలబడ్డ కుటుంబానికి ఒక అంకె కావాలి. అది లేకపోతే పింఛనూ లేదు, బస్ పాసూ లేదు. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, గుర్తుపట్టడానికి రాసుకున్న ఆనవాళ్ల జాబితా చడీచప్పుడు లేకుండా సిలబస్‌గా మారిపోయినప్పుడు. కళ్లలోకి చూడకపోవడం ఒక ఆనవాలు అయితే, కళ్లలోకి చూసేలా చెయ్యడం చికిత్స అయిపోతుంది. టెస్ట్ పాసయ్యేలా కోడ్ రాసి, ప్రోగ్రాం బాగుపడిందని చెప్పుకోవడం లాంటిది ఇది. పిల్లాడు ఏం అనుభవిస్తున్నాడన్నది ఈ లెక్కలోకి రాదు. వాడు మనకి ఎలా కనిపిస్తున్నాడన్నదే వస్తుంది.

దీనికి మందు బిహేవియరిజం లోపలే దొరకడం నాకు ఆశ్చర్యం కలిగించింది. 1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డురాండ్ ఒక పేపర్ రాశారు. కొట్టడం, కొరకడం, తల బాదుకోవడం లాంటి వాటికి ఎక్కువసార్లు ఒక ప్రయోజనం ఉంటుందని, పిల్లాడు వాటితో ఏదో అడుగుతున్నాడని వాళ్లు చూపించారు. కష్టమైన పని తప్పించమని కావచ్చు, తనవైపు చూడమని కావచ్చు. అదే విషయాన్ని అడగడానికి ఇంకో దారి నేర్పితే ఆ ప్రవర్తన తగ్గుతుంది. ఇది కూడా పునర్బలనమే. సూత్రం మారలేదు. కానీ మొదటి ప్రశ్న మారింది. "దీన్ని ఎలా ఆపాలి" అన్న చోట "ఏమంటున్నాడు" అన్నది వచ్చింది.

మా ఇంట్లో ఈ ప్రశ్న పేపర్లేవీ చదవకుండా అడిగింది మా అమ్మమ్మే. వినాయక చవితి పందిరి మా వీధి మొగలో వేస్తారు. ఆ తొమ్మిది రోజులూ వాడు మణికట్టు కొరుక్కునేవాడు, రక్తం వచ్చేదాకా. పట్టించుకోవద్దు, పట్టించుకుంటే అలవాటవుతుంది అని సెంటర్‌లో చెప్పారు. అమ్మమ్మ మూడో రోజున అక్కతో అంది: "ఆడికి ఆ మైకు పడదే. మైకు ఆగినప్పుడు కొరుక్కోడు, సూడు." రెండ్రోజులు రాసి చూస్తే నిజమే. సైలెన్స్ దొరికిన గంటల్లో కొరుక్కోవడం లేదు. చదువుకున్నవాళ్లం దాన్ని ఫంక్షనల్ అనాలిసిస్ అంటాం.

తర్వాత వేరే టీచర్ దగ్గరికి మార్చారు. ఈవిడ చిన్నమ్మాయి, ఓపిక ఎక్కువ. మొదటి నెలంతా పాఠాలేం చెప్పలేదు. ఒక అట్టముక్క మీద అరచెయ్యి బొమ్మ వేసి, కింద "వద్దు" అని రాసి, తాడుతో వాడి మెడలో వేసింది. వాడు దాన్ని ముట్టుకుంటే చాలు, ఏం చేస్తున్నా ఆపేసేది. శబ్దం ఎక్కువైతే వద్దు, ఇంకో గదికి తీసుకెళ్లేది. ముట్టుకోవడం, ఆగడం. ముట్టుకోవడం, ఆగడం. కొన్ని వారాల్లోనే కొరుక్కోవడం బాగా తగ్గింది. ఇంకొన్నాళ్లకి నోటితోనే "వద్దు" వచ్చింది. సాలూరు, బొబ్బిలి తర్వాత వాడి నోట నేను విన్న కొత్త మాట అది.

కథ ఇక్కడ ఆపేస్తే సుఖాంతం. కానీ అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. వాడు ఆ మాటని అన్నిటికీ వాడటం మొదలుపెట్టాడు. పళ్లు తోముకోవడం వద్దు. గోళ్లు తీయడం వద్దు. మందు వద్దు. లెక్కలు వద్దు. పెదనాన్న గారు ముద్దు పెట్టుకోబోతే వద్దు. చివరికి ఆ నేర్పిన టీచర్ తలుపు తీయగానే వద్దు. అందరం నవ్వుకున్నాం, ఆవిడ కూడా. అక్క మాత్రం నవ్వలేదు. "ఒరే, ఇప్పుడు వీడి మాట వింటే వీడి పళ్లు పుచ్చిపోతాయి. వినకపోతే ఆ అట్టముక్క ఎందుకు తగిలించినట్టు?" అని అడిగింది.

ఈ మొత్తం విషయంలో నేను విన్న కఠినమైన ప్రశ్న ఇదే. మనకి వీలైనప్పుడు మాత్రమే చెల్లే "వద్దు" అసలు వద్దే కాదు. అది నేర్పి, అవసరమైనప్పుడు వినకపోవడం, ఏం నేర్పకపోవడం కన్నా క్రూరంగా ఉండొచ్చు. మాట్లాడినా ఫలితం లేదన్న పాఠం అది. అలాగని ప్రతి వద్దునీ పాటిస్తే పెంపకం అనేదే ఉండదు. ఏ పిల్లల విషయంలోనూ మనం అలా చెయ్యం. టీకా వద్దని ఏడ్చినా వేయిస్తాం.

టీచరూ అక్కా కూర్చుని చేసింది నాకు సమంజసంగా అనిపించింది. వాడి వద్దు చెల్లని వాటికి ఒక జాబితా రాశారు. అందులో నాలుగే ఉన్నాయి: మందు, పళ్లు, రోడ్డు, నిప్పు. ఐదోది చేర్చాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. ఆ నాలుగింటిలో కూడా వద్దు అన్నప్పుడు ఆగి, "విన్నాను, అయినా చెయ్యాలి" అని చెప్పి, ఎంతసేపు పడుతుందో వేళ్ల మీద లెక్కపెట్టి చేస్తారు. బ్రష్ మార్చారు, పేస్టు రుచి మార్చారు. పేస్టు ఘాటు వాడికి పడేది కాదని అప్పుడు తెలిసింది. లెక్కలు వద్దంటే ఆ రోజుకి లెక్కలు లేవు. పెదనాన్న గారి ముద్దులు ఆగిపోయాయి. ఆయన కొంచెం నొచ్చుకున్నారు. సెషన్ వద్దంటే టీచర్ పది నిమిషాలు వరండాలో కూర్చునేది. చాలాసార్లు వాడే వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లేవాడు. కొన్ని రోజులు రాలేదు. ఆ రోజుల్లో ఆవిడ ఇంటికి వెళ్లిపోయింది.

ఈ జాబితాలో ఏముందన్నదాని కన్నా, జాబితా ఉండటం ముఖ్యం అనిపిస్తుంది. ఇంకొకరి ఇష్టాన్ని కాదనాల్సి వచ్చినప్పుడు ఆ కాదనడానికి ఒక హద్దు ఉండాలి. కారణం చెప్పుకోవాల్సిన భారం కాదన్నవాళ్ల మీద పడాలి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తిరగబడి ఉంది. పిల్లాడు అన్నిటికీ ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోతే వాడి చార్టులో మైనస్ పడుతుంది.

దీని మీద రెండు వైపుల నుంచీ అభ్యంతరాలు ఉన్నాయి. 1993లోనే జిమ్ సింక్లెయిర్ అనే ఆటిస్టిక్ రచయిత తల్లిదండ్రులని ఉద్దేశించి, మా కోసం శోకించకండి అని రాశారు. ఆటిజం మనిషి లోపల ఇరుక్కున్న జబ్బు కాదు, తీసేస్తే మామూలు పిల్లాడు బయటికి రాడు, మీకు పుట్టిన పిల్లాడు వీడే అన్నది దాని సారాంశం. ఆ దారిలో వచ్చినవాళ్లు చాలామంది ఏబీఏ మొత్తాన్నీ వద్దంటారు. రెండోవైపు తల్లిదండ్రులు ఉన్నారు: నువ్వు వ్యాసం రాయగలుగుతున్నావు, మావాడు కనీసం దాహం వేస్తోందని చెప్పలేడు, నీ తాత్వికత మాకు పనికిరాదు అంటారు. ఇద్దరి మాటా నిజమే అనేసి తప్పుకోవడం తేలిక. నాకు మాత్రం ఈ ఇద్దరూ ఒకే చోట కలుస్తారనిపిస్తుంది. దాహం వేస్తోందని చెప్పగలగడం, వద్దని చెప్పగలగడం ఒకే నైపుణ్యం. ఒకటి నేర్పి రెండోది నేర్పకుండా ఉండలేం. ఉండగలిగాం అంటే మనం నేర్పింది అడగడం కాదు, లొంగడం.

అక్కకి ఇంకో భయం ఉంది. ఇలాంటి పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఉండేదే. మా తర్వాత? "నేను పోయాక వీడిని ఎవరు చూసినా, వీడు మాట వినేవాడైతేనే చూస్తారురా. మొండి చేస్తే ఎవడు భరిస్తాడు?" అంటుంది. దీన్ని కొట్టిపారెయ్యలేను. మాట వినే పిల్లాడిని చూసుకోవడం సులువు. కానీ మాట మాత్రమే వినే మనిషిని ఎవరైనా ఏమైనా చెయ్యొచ్చు. చొక్కా విప్పు అంటే విప్పడం, కదలకు అంటే కదలకపోవడం, చెప్పింది చేస్తే మంచివాడు అని మెప్పు పొందడం పదిహేనేళ్లు అలవాటైన మనిషి, రేపు తల్లి లేని చోట, తలుపు వేసి ఉన్న గదిలో ఎవరి దగ్గరున్నా అదే చేస్తాడు. అక్క భయానికి లొంగుబాటు సమాధానం అనిపిస్తుంది గానీ, ఆ భయం నిజమయ్యే దారి కూడా అదే.

చట్టం ఈ విషయంలో మన ఇళ్లకన్నా ముందుంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం ఉన్నవాళ్లకి సంరక్షకుడిని నియమించే వీలుంది. 2016 చట్టంలోని 14వ సెక్షన్ ఇంకో మెట్టు ఎక్కి, పరిమిత సంరక్షణ అన్నది ఇద్దరూ కలిసి తీసుకునే నిర్ణయమని, అది వైకల్యం ఉన్న వ్యక్తి ఇష్టానికి అనుగుణంగా నడవాలని చెప్పింది. ఇష్టానికి అనుగుణంగా అన్న మాట రాయడం చట్టం చెయ్యగలదు. ఆ మనిషికి ఒక ఇష్టం ఉందని, దాన్ని చెబితే ఎవరైనా వింటారని వాడికి నమ్మకం కలిగించడం చట్టం చెయ్యలేదు. అది తొమ్మిదేళ్ల వయసులో, పళ్ల పేస్టు దగ్గర జరగాలి.

విజయనగరం లాంటి ఊళ్లో ఇదంతా అయ్యే పనేనా అని అడగొచ్చు. వారానికి 40 గంటలు ఇక్కడ ఎవరివల్లా కాదు. సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలున్నాయి. ఉన్న కొద్దిమంది టీచర్లే అన్ని రకాల పిల్లల్నీ చూసుకోవాలి. స్తోమత ఉన్నవాళ్లు విశాఖపట్నం రైలెక్కుతారు. లేనివాళ్లు దొరికిన చోట చేరుస్తారు. అందుకే ఏది ముందు నేర్పాలి అన్న ప్రశ్న ఇక్కడ ఇంకా బరువైనది. దొరికేదే వారానికి మూడు గంటలైతే, ఆ మూడు గంటలూ కళ్లలోకి చూడటానికి ఖర్చుపెడతామా? అరచెయ్యి బొమ్మ గీసిన అట్టముక్కకి పైసా ఖర్చు లేదు. ఖర్చయ్యేది దాన్ని ముట్టుకున్నప్పుడు ఆగే మనుషుల ఓపిక.

సెంటర్ వెతుక్కునే తల్లిదండ్రులు నన్ను అడిగితే, అడిగేటంత పెద్దవాణ్ని కాదు గానీ, ఒక్కటే చెబుతాను. చార్టులు తర్వాత చూడొచ్చు. మీ పిల్లాడు వద్దంటే ఇక్కడ ఏం జరుగుతుంది అని అడగండి. వద్దనే అలవాటు మేం మాన్పిస్తాం అంటే ఇంకో చోటు చూసుకోండి.

పోయిన నెల వెళ్లినప్పుడు మా వాడిని ఫొటో తియ్యబోయాను. ఫోన్ వైపు చూసి "వద్దు" అన్నాడు. తియ్యలేదు. వాడు నా చెయ్యి పట్టుకుని కాంప్లెక్స్ వైపు లాగాడు, పార్వతీపురం బస్సు చూడటానికి.